మంచు దీవిలో ఓబులేసు మోటారు

నంద్యాలలో హెల్పర్‌గా చేరి, ఆళ్లగడ్డలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో ఇక్కడ రాయబోవడం లేదు. అది నా సర్వీసు రిజిస్టరులో ఉంది, అక్కడా ఎవరూ చదవరు. కరెంటాఫీసులో కొత్తగా చేరుతున్న పిల్లలకు పనికొచ్చే సంగతులు చెబుదామని కూర్చున్నాను. స్తంభం ఎక్కడం మీకు నేర్పుతారు. ఫ్యూజు వేయడం నేర్పుతారు. తొడుగు లేని చేత్తో తీగ ముట్టవద్దని గోడ మీద బొమ్మ వేసి మరీ నేర్పుతారు. ఒక మీటరును వెతికి పట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పరు. నా ఉద్యోగంలో సగం అదే.

ముందే ఒక మాట. నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ని. తర్వాతి చదువంతా నంద్యాల గ్రంథాలయంలో, కిటికీ పక్క కుర్చీలో సాగింది. ఆ కుర్చీ నాదేనని చివరికి లైబ్రేరియన్ కూడా ఒప్పుకున్నాడు. ఈ సంగతి మధ్యమధ్యలో గుర్తుచేస్తుంటాను. ఓర్చుకోండి.

ఏ ఓబులేసు?

ఆళ్లగడ్డ చుట్టుపక్కల అహోబిలం స్వామి పేరు లేని ఇల్లు అరుదు. ఏ వీధిలో నిలబడి ఓబులేసూ అని పిలిచినా ఇద్దరు ముగ్గురు తల తిప్పుతారు. శిరివెళ్ల నుంచి ఆళ్లగడ్డ వచ్చే దారిలో, రోడ్డుకు లోపలగా ఉన్న ఒక పల్లెకు మొదటిసారి పోయినప్పుడు, కల్లంలో కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాను.

"ఓబులేసు మోటారు యాడుందప్పా?"

"ఏ ఓబులేసు?"

"నరసింహులు కొడుకు."

"ఏ కొడుకు?"

"పేరు చెప్తాండా గదప్పా, ఓబులేసు అని."

"ఇద్దరు కొడుకుల పేరూ అదేనయ్యా. పెద్దోబులేసు కావల్నా, చిన్నోబులేసు కావల్నా?"

మొదటి కొడుక్కి స్వామి పేరు పెట్టారట. రెండోవాడు పుట్టగానే జబ్బు చేస్తే, బతికితే నీ పేరే పెడతామని మొక్కుకున్నారట. బతికాడు. స్వామికి ఇచ్చిన మాట తప్పలేరు కదా! ఇంట్లోవాళ్లు పెద్ద, చిన్న అని పిలుచుకుంటారు. కాగితాల్లో మాత్రం ఇద్దరూ ఉత్త ఓబులేసులే. తండ్రి పేరు ఒకటే, ఊరు ఒకటే, పొలం సర్వే నంబరు కూడా ఒకటే.

మరి మీటరు మీద నంబరు ఉంటుంది కదా అంటారు మీరు. ఉంటుంది. పిడుగు పడి మీటరు కాలిపోతే నంబరు కూడా దానితోనే పోతుంది. కొత్త మీటరుకు కొత్త నంబరు. షెడ్డు గోడ మీద ఎర్రరంగుతో సర్వీసు నంబరు రాస్తాం, పండగకు ఆ ఇంటి ఆడవాళ్లు శుభ్రంగా సున్నం కొడతారు. ఒకప్పుడు మా దగ్గరున్న ఒక ఆఫీసరు గుర్తులు రాయమన్నాడు. 'నల్ల కుక్క ఉన్న షెడ్డు' అని మావాడొకడు రాసి పెట్టాడు. ఆ కుక్క వేరే షెడ్డుకు మకాం మార్చాక ఆ మీటరు ఆచూకీ మాకు చాలాకాలం దొరకలేదు. ఆ ఆఫీసరు మంచివాడే. కుక్కలకు కాళ్లుంటాయన్న సంగతి ఒక్కటే ఆయనకు తట్టలేదు.

భూమికి గళ్లు గీసినవాళ్లు

కొన్నేళ్ల కిందట పై నుంచి కొత్త పద్ధతి దిగింది. ఇకమీదట ప్రతి మీటరుకూ అది ఉన్న చోటే గుర్తు. అక్షాంశం, రేఖాంశం. మీటరు మారినా, మనిషి మారినా, గోడకు సున్నం కొట్టినా ఆ చోటు మారదు.

ఈ మాట వినగానే మీటింగులో అందరి మొహాలూ వాడిపోయాయి, నా మొహం వెలిగిపోయింది. గ్రంథాలయంలో అట్టలు ఊడిపోయిన పెద్ద అట్లాసు ఒకటి ఉండేది. పైన ఒకటి, పక్కన ఒకటి నంబరు చూసి రెండు వేళ్లు కదుపుతూ అవి కలిసే చోట ఏ ఊరుందో చూడటం నాకు ఆట. వేరేవాళ్లు పేకాట ఆడే వయసులో నేను ఆ ఆట ఆడాను. నంద్యాల దాదాపు పదిహేనున్నర ఉత్తర అక్షాంశం, డెబ్బై ఎనిమిదిన్నర తూర్పు రేఖాంశం. ఇది నాకు అప్పటికే నోటికి వచ్చు. మీటింగులో లేచి చెప్పాను కూడా. ఎవరూ అడగలేదు.

పద్ధతి తేలికే. చేతిలో పట్టుకునే చిన్న యంత్రం ఇచ్చారు. మీటరు దగ్గర నిలబడితే రెండు నంబర్లు చూపిస్తుంది. వాటిని ఫోనులో రెండు గళ్లలో కొట్టాలి. చుక్క తర్వాత ఐదో అంకె ఒకటి మారితే మనం ఒక మీటరు దూరం జరిగినట్టు. ఆ అంకెలు మొదట కొంచెంసేపు ఊగుతాయి, నిలిచేదాకా ఆగాలి. మీకు నేను చెప్పే సలహా అంతా ఇంతే: మీటరు దగ్గరికి పోండి, నిలబడండి, ఆగండి.

మా లైన్‌మన్ మస్తాన్ దగ్గర ఈ మూడూ లేవు. స్తంభం మీద అంత చురుకైనవాణ్ని నేను చూడలేదు, నేల మీద అంత బద్ధకస్తుణ్నీ చూడలేదు. ఒకరోజు మా ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, మేడం కంప్యూటరులో పటం తెరిచి మస్తాన్‌ను పిలిచింది. ఆమెది నందికొట్కూరు. చిన్న వయసే కానీ చూపు మాత్రం పెద్దవాళ్లది.

"మస్తాన్, బస్టాండు కాడ టీ కొట్టులో ఇన్ని మోటార్లుండాయేంది? టీ కాయడానికా?"

మస్తాన్ తడుముకోలేదు. "చక్కెర కలపడానికి మేడం."

ఆ మీటర్లన్నీ మళ్లీ ఎండలో తిరిగి చేయించింది. ఈసారి ప్రతి చోటా మీటరు పక్కన నిలబడి ఫొటో కూడా దిగమంది. ఆ ఫొటోల్లో మస్తాన్ ఎక్కడా నవ్వడు.

ఎలుగుబంట్ల మధ్య

కొన్నాళ్లకు మేడం మళ్లీ పటం తెరిచింది. ఈసారి నన్నూ పిలిచింది.

"పుల్లయ్యగారూ, మనోళ్ల మోటార్లు కొన్ని కనపడటంలా. యాడికి పొయినాయో చూడండి."

పటాన్ని చిన్నది చేస్తూ పోయింది. ఆళ్లగడ్డ పోయింది, రాష్ట్రం పోయింది, దేశం పోయింది. పైన ఎక్కడో, నార్వేకు కూడా ఉత్తరాన, తెల్లటి మంచు దీవుల మీద మా మోటార్లు చుక్కలు చుక్కలుగా మెరుస్తున్నాయి.

నాకు ఒళ్లు పులకరించింది. ఆ దీవులు నాకు అట్లాసులో తెలుసు. అక్కడ నెలల తరబడి సూర్యుడు ఉదయించడు, తెల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి, పైరన్న మాట లేదు. ఇదంతా నిలబడి చెప్పాను. మేడం చెయ్యి గడ్డం కింద పెట్టుకుని చివరిదాకా విన్నది.

"అంటే మస్తాన్ పైది కింద, కిందిది పైన కొట్టినాడు. అంతే గదా?"

"అంతే మేడం."

"ఆ ముక్క నాకు చూడంగానే తెలిసిందిలే. ఎలుగుబంట్ల సంగతే కొత్త."

మీరూ పటం తెరిచి చూసుకోవచ్చు. ఆళ్లగడ్డ నంబర్లు రెండూ తారుమారు చేయండి, నేరుగా ఆ మంచు దీవిలో దిగుతారు. సముద్రంలో పడి ఉంటే మాకు ఇంత నవ్వు వచ్చేది కాదు. సరిగ్గా నేల మీదే పడ్డాయి, బోరు వేసుకోవడానికి వీలుగా.

మస్తాన్‌కు చూపిస్తే, "నీళ్లకు కొదవ ల్యాదు గదన్నా ఆడ" అన్నాడు.

తారుమారైన వాటిని అన్నిటినీ సరిచేశాం. అక్కడే అసలు కథ మొదలైంది.

ఒకే స్తంభం

మంచు దీవి నుంచి తిరిగొచ్చిన మోటార్లలో పెద్దోబులేసుది ఒకటి. వచ్చి తన చోట కూర్చోగానే కంప్యూటరు ఎర్రగా మెరిసింది. ఆ చోట అప్పటికే ఒక ఓబులేసు ఉన్నాడు. నరసింహులు కొడుకు, అదే ఊరు, అదే సర్వే నంబరు, అదే అక్షాంశం, అదే రేఖాంశం. ఇది ఒకే మీటరును రెండుసార్లు ఎక్కించడమేనని కంప్యూటరు తేల్చేసింది. రెండింటిలో తర్వాత ఇచ్చిన కనెక్షన్‌ను తొలగించే జాబితాలో పెట్టింది. తర్వాత ఇచ్చింది చిన్నోబులేసుకు.

అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు బావిని పంచుకోలేరు. బావి ఒకటే, మోటార్లు రెండు. రెండింటి మీటర్లూ, స్టార్టర్లూ ఒకే స్తంభానికి ఒకే డబ్బా వెడల్పున ఉన్నాయి. వాటిలో అన్నది మస్తాన్ ఎక్కించాడు. తమ్ముడిది నేను ఇంకోరోజు పోయి ఎక్కించాను, ఎందుకంటే తమ్ముడు మస్తాన్‌ను ముట్టనివ్వలేదు. "వానిది ముట్టిన చేత్తో నాది ముట్టొద్దు" అన్నాడట. ఆ అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసి చాలాకాలమైంది. ఎందుకు మానేశారో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. కాబట్టి వాళ్లకే గుర్తులేదని నా అనుమానం.

చిన్నోబులేసు ఆఫీసుకు వచ్చాడు. ఎండకు నల్లబడిన పొడుగాటి మనిషి. మేడం ముందు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నేనీడుండా. నా మోటారు ఆడుండాది. కంప్యూటర్లో ల్యానంటారేంది మేడం?"

"నువ్వుండావప్పా. మీ అన్న కూడా ఆన్నే ఉండాడు. అదీ వచ్చిన చిక్కు."

"వాడెప్పుడూ అంతే. నాకు అడ్డం."

"అరటి ఏ దశలో ఉంది?" అని నేను అడిగాను.

అప్పుడు కూర్చున్నాడు. "గెల దిగుతాంది సార్. ఇప్పుడు నీళ్లు తప్పితే కాయ ఆన్నే బిగుసుకపోతాది. ఏడాది చాకిరి. తీగ తెంపేటట్లయితే ముందు నన్ను తెంపండి."

మేడం పైకి రాసింది, ఫోను చేసింది, ఒకసారి కర్నూలు కూడా పోయి వచ్చింది. నంద్యాలలో అపార్టుమెంట్ల మెట్ల కింద వరసగా మీటర్లుంటాయి కదా, వాటికి గది నంబరు కలిపారు, ఇక్కడా అట్లాగే చేద్దామంది. పొలానికి గది ఎక్కడిదని పైవాళ్లు అడిగారు. చివరికి తేల్చిన మాట ఇది: నెలాఖరులోపల మీటర్ల చోట్లు వేరు చేసి కొత్త నంబర్లు పంపితే సరి, లేకపోతే తమ్ముడి కనెక్షన్ పోతుంది.

అంటే ఒకరి మీటరు జరగాలి. ఎవరిది?

నా కుట్ర

పెద్దోబులేసు దగ్గరికి పోయాను. పొట్టిగా గట్టిగా ఉంటాడు. నేను చెప్పింది విని పొలం గట్టు మీదే ఉమ్మేశాడు.

"నేను పెద్దోన్ని. నాది కదలదు. వాన్ని కదుల్చుకోమను."

తమ్ముడి దగ్గరికి పోయాను.

"నేను జరిగితే తప్పు నాదని ఒప్పుకున్నట్ల గదా సార్. నాది జరగదు."

"నీ కనెక్షన్ గదప్పా పొయ్యేది?"

"పోతే పోనీ. జరిగేది ల్యా."

ఆఫీసులో అరటి గురించి ఏడ్చే మనిషి గట్టు మీదికి వచ్చేసరికి ఇట్లా అయిపోతాడు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. ఆఫీసులో మాట్లాడే రైతు వేరు, అన్న పొలం కనపడే చోట నిలబడి మాట్లాడే రైతు వేరు.

సరే, చదువుకున్నవాణ్ని, చిన్న కుట్ర పన్నాను. మాటల్లేని అన్నదమ్ములు కదా, ఒకరన్నది ఇంకొకరు పోయి అడగరు. అన్నతో, "మీ తమ్ముడు జరుగుతానన్నాడు, నువ్వు పెద్దరికంగా నువ్వే జరిగితే ఊళ్లో ఎంత పేరు!" అన్నాను. తమ్ముడితోనూ అదే మాట తిప్పి అన్నాను. ఇద్దరూ ఆలోచనలో పడ్డారు. పుస్తకాలు చదివితే ఇట్లాంటి బుద్ధి వస్తుందని మనసులో మురిసిపోతూ ఇంటికొచ్చాను.

మరునాడు బావి దగ్గరికి పోతే, స్తంభం కింద పెద్దోబులేసు భార్య ఓబులమ్మక్క కూర్చుని ఉంది. ఆమె పేరు కూడా అదే, ఏం చేస్తాం. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"రాప్పా పుల్లయ్యా. మా మరిది జరుగుతానన్నాడంట గదా."

"అన్నాడక్కా."

"మా ఆయన కూడా జరుగుతానన్నాడని ఆళ్లింట్లో చెప్పినావంటనే."

నేను స్తంభం వైపు చూశాను.

"మొగోళ్లకు మాటల్ల్యావు గానీ, నాకూ నా తోడికోడలికీ మాటల్ల్యావని ఎవరు చెప్పినారు నీకు? తెల్లారి ఇద్దరం ఒక కాడే బట్టలుతుక్కుంటాం." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకాసేపు నవ్వింది. "అబద్దం చెప్పేటోడు ఆడోళ్లకు గూడా చెప్పిపోవల్ల గదప్పా."

ఇంత చదివీ ఈ ఒక్కటి ఏ పుస్తకంలోనూ నాకు తగల్లేదు.

తర్వాత ఆమె చెప్పిన సంగతి అసలైనది. "ఆ డబ్బాలు పక్కపక్కన ఎందుకు పెట్టించుకున్నారో తెల్సునా నీకు? మోటారు తిరిగే త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తాదో ఎవరికి తెల్సు. వచ్చినప్పుడు బావికాడ ఎవరుంటే వాళ్లు రెండు మోటార్లూ ఏస్తారు. ఈయన ఉంటే ఈయన, ఆయన ఉంటే ఆయన. మాటల్ల్యాకపోయినా అది మాత్రం తప్పల్యా. ఆ డబ్బాలు దూరం జరిపితే ఒకరిది ఏసి ఇంకొకరిది ఏసేదానికి గట్టు దాటల్ల. గట్టు దాటరు. అదీ వాళ్ల బాధ. నీతో చెప్తారా?"

పెద్ద నంబరు

ఆమె చెప్పాక స్తంభాన్ని మళ్లీ చూశాను. అంతవరకు నేను, మేడం, కంప్యూటరు అందరం ఒకే పొరపాటు చేస్తున్నాం. డబ్బా అంటే ఒకటే అనుకుంటున్నాం. స్విచ్చు వేసేది స్టార్టరు. లెక్క చూసేది మీటరు. ఆఫీసుకు కావలసింది మీటరు చోటు. అన్నదమ్ములకు కావలసింది స్టార్టరు చోటు. స్టార్టర్లు ఎక్కడివక్కడే ఉండనిచ్చి, మీటర్లు మాత్రం జరిపితే ఎవరికి నష్టం?

ఎవరు జరగాలన్న గొడవ మాత్రం అట్లాగే ఉంది. దానికి మందు మేడం చెప్పింది.

"రెండూ జరపండి పుల్లయ్యగారూ. ఇద్దరూ ఓడిపోతే ఎవరూ ఓడిపోనట్టే."

స్టోరులో పడి ఉన్న రెండు పాత స్తంభాలు ఇప్పించింది. మస్తాన్ తాడు తెచ్చాడు. బావి నుంచి రెండు వైపులా ఒకే తాడుతో కొలిచాం, ఎందుకంటే అన్నదమ్ములు చెరో గట్టు మీద నిలబడి తాడునే చూస్తున్నారు. తాడు ఏ మాత్రం సాగినా ఇద్దరూ ఒకేసారి దగ్గుతున్నారు.

ఏ వైపు ఎవరికన్నది నేను ముందే నిర్ణయించుకున్నాను. అన్న మీటరు ఆగ్నేయం మూలకు, తమ్ముడి మీటరు వాయవ్యం మూలకు. నంబర్లు తీశాక అన్న దగ్గరికి పోయి యంత్రం చూపించాను.

"చూడప్పా, రేఖాంశం. నీదే పెద్ద నంబరు. పైగా ఆగ్నేయం, అగ్ని మూల. కరెంటుకు అంతకన్నా మంచి చోటు యాడుంటాది?"

పెద్దోబులేసు అంకెలు ఒక్కొక్కటే చూశాడు. "వానిది?"

"నీకంటే తక్కువే."

"అట్ల చెప్పు."

గట్టు దాటి తమ్ముడి దగ్గరికి పోయాను. "చూడు చిన్నప్పా, అక్షాంశం. నీదే పెద్దది. పటంలో మీ అన్న కింద ఉండాడు, నువ్వు పైనుండావు."

చిన్నోబులేసు చాలాసేపు ఆ తెర మీదినుంచి కళ్లు తీయలేదు. "కంప్యూటర్లో గూడా ఇట్లనే ఉంటాదా?"

"అట్లనే."

"మార్చరు గదా?"

"భూమి తిరగబడితే తప్ప మారదు."

రెండూ నిజమే. తూర్పుకు పోయేకొద్దీ రేఖాంశం పెరుగుతుంది, ఉత్తరానికి పోయేకొద్దీ అక్షాంశం పెరుగుతుంది. ఆగ్నేయానికీ వాయవ్యానికీ చెరో పెద్ద నంబరు వస్తుంది. ఈసారి నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నిజాన్ని సగం సగం పంచాను, వాళ్లు పొలం పంచుకున్నట్టు.

సాయంత్రం సామాను సర్దుకుంటుంటే ఓబులమ్మక్క వచ్చింది.

"పుల్లయ్యా, మా ఆయన తనది పెద్ద నంబరంటాడు. మా తోడికోడలు ఆళ్లదే పెద్దదంటాది. ఎట్లప్పా?"

"నంబర్లు రెండుంటాయక్కా. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పెద్దది."

ఆమె ఆ రెండు కొత్త స్తంభాలనూ, మధ్యలో బావినీ కాసేపు చూసింది. "ఊరికే చదవల్యా నువ్వు" అంది. "పో, చెప్పంలే. ఇద్దరం చెప్పం."

కొత్త నంబర్లు ఎక్కించగానే ఎరుపు పోయింది. జాబితాలోంచి చిన్నోబులేసు పేరు లేచిపోయింది. అరటి గెలలు సక్రమంగా దిగాయి. ఒక గెల మా ఆఫీసుకు వచ్చింది. ఇంకో గెల కూడా వచ్చింది, అన్న తోటలోది, మొదటిదానికంటే కాస్త పెద్దది. రెండూ మస్తానే తిన్నాడు.

చివరిగా

రిటైరయ్యాక ఒకసారి శిరివెళ్లలో పెళ్లికి పోతూ ఆ బావి దగ్గర ఆగాను. పని నేర్పిన చోట్లు అప్పుడప్పుడు చూసి రావాలనిపిస్తుంది, మీకూ అనిపిస్తుంది. అటు ఆగ్నేయాన ఒక మీటరు, ఇటు వాయవ్యాన ఒక మీటరు, నడుమ పాత స్తంభానికి రెండు స్టార్టర్లు. పెద్దోబులేసు గట్టు మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. దూరంగా చిన్నోబులేసు వీపు కనిపిస్తోంది, తన తోటలోకి పోతున్నాడు. నీళ్లు మాత్రం రెండు కాలువల్లోనూ పారుతున్నాయి.

"ఇప్పుడే వచ్చినావా అప్పా?" అన్నాను.

"ఇప్పుడే. మనవడు సైకిల్ మీద దింపిపోయినాడు."

"మరి నీ మోటారు ఎవరేసినారు?"

కాయ ఒలవడం ఆపలేదు. "దానంతట అదే పడుంటాది."

"ఆటో స్టార్టరు పెట్టించినావా? ఆఫీసుల చెప్పకుండా?"

"ఊ."

స్తంభం దగ్గరికి పోయి చూశాను. పాత పచ్చ బటను, పాత ఎర్ర బటను. ఆటో స్టార్టరు ఎక్కడా లేదు. ఉద్యోగం పోయినా పాత అలవాటు పోలేదు, వెనక్కి వచ్చి అడిగాను.

"ఏ కంపెనీదప్పా నీ ఆటో స్టార్టరు?"

పెద్దోబులేసు ఒలిచిన పప్పులు దోసిట్లో ఊది, సగం నా చేతిలో పోశాడు. తోటలోకి పోతున్న వీపు వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"మా నాయన చేసిందిలే. పాతది. ఇంతవరకు ఒక్కనాడూ మొరాయించల్యా."